బిల్లు మీద 12/256, చేతిలో 8/128 ఫోన్: షాపును నిలదీస్తే బావ మాట పోతుందా?

నర్సంపేట దగ్గరి ఒక ఊరి నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, షాపు పేరు బయటపెట్టవద్దని కోరారు. నాలుగు పేజీల ఉత్తరంలో ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 27 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతారు. నాన్న లేరు. అక్కను హన్మకొండలో ఇచ్చారు. అప్పటి నుంచి కౌలు మాట్లాడాలన్నా, అమ్మను ఆస్పత్రిలో చూపించాలన్నా బావే ముందుండి చూసుకుంటున్నారు. తమ్ముడు డిగ్రీ చేసి, ఉద్యోగం దొరక్క, పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు వీడియోలు తీసి ఫోన్‌లోనే ఎడిట్ చేసి ఇస్తున్నాడు. పాత ఫోన్ మాటిమాటికీ ఆగిపోతోందని, ఆమె చిట్టి ఎత్తిన డబ్బులోంచి 6,000 కట్టి, మిగతా 18,000 ఫైనాన్స్‌లో పెట్టి, 24,000 రూపాయల ఫోన్ కొనిపెట్టారు. నెలకు 2,000 చొప్పున తొమ్మిది నెలలు కట్టాలి. లోన్ ఆమె పేరు మీదే ఉంది. షాపు హన్మకొండలో ఉంది, యజమాని బావకు దోస్త్.

కొనేముందు తమ్ముడు వాట్సాప్‌లో అడిగితే, "12 జీబీ ర్యామ్, 256 స్టోరేజ్, మీకైతే 24కే ఇస్తా" అని షాపతను మెసేజ్ పెట్టాడు. బిల్లు మీద మోడల్ పేరు పక్కన చేత్తో 12/256 అని రాసి ఉంది. సీల్ తీసి, గ్లాస్ అంటించి, సిమ్ వేసి షాపులోనే చేతికిచ్చారు. పదకొండో రోజున ఒక పెళ్లి వీడియో ఎక్కిస్తుంటే మెమరీ నిండిపోయింది. సెట్టింగ్స్‌లో చూస్తే స్టోరేజ్ 128 జీబీ, ర్యామ్ దగ్గర 8 ప్లస్ 4. పెట్టె తిరగేసి చూస్తే అక్కడా చిన్న అక్షరాల్లో 8, 128 అనే ఉంది.

షాపతను ముందు "అప్‌డేట్ చేస్తే పెరుగుతది" అన్నాడు. తర్వాత "ఎనిమిది ప్లస్ నాలుగు పన్నెండే గదా అక్కా" అన్నాడు. గట్టిగా అడిగితే "సీల్ తీసినంక వాపస్ తీసుకోం, బిల్లు కింద రాసే ఉంది చూడు. ఏదన్న ఉంటే సర్వీస్ సెంటర్‌కు పో" అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో ఫోన్‌కు ఏ లోపమూ లేదన్నారు. బావ మధ్యలో మాట్లాడి, షాపతను 2,000 ఇస్తాడు, ఊరుకోండి అంటున్నారు. "ఫోన్ మంచిగనే నడుస్తుంది గదా, నా ఇజ్జత్ తియ్యకుండ్రి" అన్నారట. తమ్ముడేమో షాపు పేరు పెట్టి రీల్ చేస్తానని, ఈఎంఐ కట్టొద్దని అంటున్నాడు. కొని ఇప్పటికి 24 రోజులైంది. మొదటి కిస్తీ వచ్చే 5వ తేదీన కట్టాలి. ఉత్తరం చివర ఆమె ఇంకో మాట రాశారు: "బిల్లు తీసుకొని రా అక్కా, సరిచేసి కొత్తది ఇస్తా అని నిన్న షాపాయన ఫోన్ చేసిండు. పోవాల్నా వద్దా?"

చెల్లెమ్మా, ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఆగే టైం లేదు. ఆ బిల్లు ఎవరికీ ఇవ్వకండి. షాపతనికీ వద్దు, మధ్యలో మాట్లాడుతున్నారని బావకూ వద్దు. చూస్తామంటే జిరాక్స్ చూపించండి. చేత్తో రాసిన ఆ 12/256 అనే అంకెలే మీకూ షాపుకూ మధ్య జరిగిన ఒప్పందం. అది చేతులు మారి 8/128 అని రాసిన కొత్త బిల్లు మీ చేతికొస్తే, రేపు మీరు ఎవరి ముందు నిలబడినా "వాళ్లు కొన్నదే ఇచ్చాం" అని షాపతను నిశ్చింతగా చెప్పగలడు. అతనికి ఆ ఉద్దేశం ఉందో లేదో నాకు తెలియదు. కానీ ఫోన్ మార్చి ఇస్తామని అనకుండా బిల్లు మార్చి ఇస్తామని అంటున్నాడంటే మీరు జాగ్రత్తగా ఉండాల్సిందే. ఈ రోజే బిల్లుకు రెండు వైపులా ఫొటో తీసి, అక్కకో, నమ్మకమైన స్నేహితురాలికో పంపి పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఇన్ని రోజులుగా షాపుకూ సర్వీస్ సెంటర్‌కూ మధ్య తిరుగుతున్నది ఫోన్ పాడైందన్న లెక్కన. సర్వీస్ సెంటర్ వాళ్లు చూసి ఏ లోపమూ లేదన్నారు, వాళ్ల లెక్కలో వాళ్లు చెప్పింది నిజమే. అది మంచిగా పనిచేస్తున్న 8/128 ఫోన్. కానీ మీరు డబ్బు కట్టింది 12/256 ఫోన్‌కు. కిలో బియ్యానికి డబ్బు తీసుకుని అరకిలో ఇస్తే ఆ బియ్యం మంచివా కావా అని ఎవరూ పరీక్షించరు కదా. వారంటీ, రిపేరు, సర్వీస్ సెంటర్ ఇవన్నీ పాడైన ఫోన్ సంగతులు. మీ గొడవ చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అని. అది మీకూ అమ్మినవాడికీ మధ్య తేలాల్సిన విషయం. పెట్టె మీద కంపెనీ 8/128 అనే వేసింది కాబట్టి కంపెనీని ఇందులోకి లాగాల్సిన పని కూడా లేదు. పెట్టె మీద 12/256 ఉండి లోపల తక్కువ ఉంటే అప్పుడు కంపెనీని కూడా అడగాల్సి వచ్చేది.

చట్టం కూడా ఈ తేడాను స్పష్టంగా చెబుతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఫలానా వర్ణన చెప్పి వస్తువు అమ్మితే, ఇచ్చిన వస్తువు ఆ వర్ణనకు సరిపోయి తీరాలి. అది కాగితం మీద విడిగా రాసుకోకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే లెక్క. ఇక 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో "లోపం" అనే మాటకు ఇచ్చిన అర్థం చాలా విశాలమైనది. నాణ్యతలో, పరిమాణంలో, ప్రమాణంలో అమ్మినవాడు ఏ రూపంలో చెప్పిన దానికన్నా తక్కువ ఉన్నా అది లోపమే. ఏ రూపంలోనైనా అంటే బిల్లు మీద రాసినా, వాట్సాప్‌లో పెట్టినా, షాపు ముందు బ్యానర్ కట్టినా. కాబట్టి సర్వీస్ సెంటర్ లేదన్న లోపం చట్టం దృష్టిలో ఉంది. ఇకనుంచి ఎవరితో మాట్లాడినా "ఫోన్ సరిగా లేదు" అనకండి. "నేను కొన్న ఫోన్ ఇవ్వలేదు" అనండి. ఈ ఒక్క మాట మార్చుకుంటే మిమ్మల్ని సర్వీస్ సెంటర్‌కు పొమ్మనే దారి వాళ్లకు మూసుకుపోతుంది.

ఎనిమిది ప్లస్ నాలుగు పన్నెండే కదా అన్న మాట సంగతి కూడా చూద్దాం. ఈ మాట మీద మోసపోయిన వాళ్లు చాలామంది ఉంటారు. ర్యామ్ అనేది ఫోన్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ, ఫోన్‌లో విడిగా ఉండే చిప్. ఆ ప్లస్ నాలుగు అన్నది చిప్ కాదు. స్టోరేజ్‌లోంచి నాలుగు జీబీ జాగా తీసి ర్యామ్‌లా వాడుకునే ఏర్పాటు. స్టోరేజ్ ఎప్పుడూ ర్యామ్ అంత వేగంగా పనిచేయదు. పైగా ఆ నాలుగు జీబీ మీ 128లోంచే పోతుంది. వీడియో ఎడిట్ చేసే మీ తమ్ముడికి ఈ తేడా రోజూ తెలుస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ ఏర్పాటును ఆపేస్తే 8 ఒక్కటే మిగులుతుంది. ఆపకముందు ఒకటి, ఆపాక ఒకటి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. 256 జీబీ ఫోన్‌ను కంప్యూటర్‌కు పెడితే 238 జీబీయే చూపించవచ్చు. అది మోసం కాదు. కంపెనీలు వెయ్యి చొప్పున లెక్కిస్తాయి, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. ఫోన్ సొంత సాఫ్ట్‌వేర్ కూడా కొంత జాగా తీసుకుంటుంది. దాని మీద షాపుతో కొట్లాడితే మాట నిలవదు. కానీ మీ ఫోన్‌లో మొత్తం స్టోరేజే 128 అని ఉంది, ఇది ఏ లెక్కలోనూ 256 కాదు.

"ఒకసారి అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అన్న వాక్యం చూసి మీరు భయపడ్డారని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. దానికి మీరు అనుకున్నంత బలం లేదు. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో వాపసు అడిగితే షాపు కాదనవచ్చు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే దాన్ని అన్యాయమైన వ్యాపార పద్ధతి అని అదే 2019 చట్టం అంటుంది. మీకు 24 రోజులు గడిచాయి. అందుకే ఈ వారంలోనే మీ మాట కాగితం మీద పెట్టి షాపుకు చేరవేయాలి. 30 దాటితే హక్కు పోతుందని కాదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంది. కానీ ఆలస్యమైన కొద్దీ మీ మాట పలచబడుతుంది.

ఎందుకు పలచబడుతుందో చెబుతాను. ఇక్కడ మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి, అది నేను తీసుకోలేను. ఈ ఫోన్ మాకు వద్దు అనడం ఒక దారి. ఈ ఫోన్ ఉంచుకుంటాం కానీ తేడా డబ్బు ఇవ్వండి అనడం ఇంకో దారి. రెండింటికీ చట్టంలో చోటుంది, రెండూ ఒకేసారి కుదరవు. వద్దు అనేవాళ్లు ఆ మాట త్వరగా చెప్పాలి, చెప్పాక వాడటం ఆపాలి. వద్దంటూనే నెలల తరబడి వాడితే ఒప్పుకున్నట్టే లెక్క వేస్తారు. అంటే మీ తమ్ముడు మళ్లీ పాత ఫోన్‌తో తిప్పలు పడాలి. ముహూర్తాల రోజుల్లో పని చేజారవచ్చు. ఆ కష్టం చిన్నదేమీ కాదు. ఉంచుకునే దారిలో పని ఆగదు. కానీ మీకు దక్కేది తేడా, కొంత పరిహారం మాత్రమే. ఇంకో షాపులో ఇదే మోడల్ 8/128 ధర 19,500 అన్నారని రాశారు. అంటే మీరు ఎక్కువ కట్టింది 4,500. అలాంటప్పుడు 2,000 ఇచ్చి ఊరుకోమనడం సగం కూడా ఇవ్వకపోవడమే. ఆ 19,500 ధరను ఆ షాపు కొటేషన్ మీదో, ధర కనిపించే ఫొటోగానో దగ్గర పెట్టుకోండి. తేడా ఎంత అని ఎవరు అడిగినా ఆధారం ఉండాలి.

నా ఆలోచన అడిగితే, తమ్ముడి పని వీడియోలే కాబట్టి ముందు 12/256 ఫోనే అడగండి. అది లేదంటే డబ్బు వాపసు అడగండి. 4,500కు ఒప్పుకోవాల్సి వస్తే అది ఆఖరుకు.

ఉత్తరం మీరే రాయవచ్చు, తెలుగులోనే రాయవచ్చు. ఇలా ఉంటే చాలు: "ఫలానా తేదీన మీ షాపులో ఫలానా నంబరు బిల్లు కింద 24,000 రూపాయలకు ఫోన్ కొన్నాను. అది 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ అని మీరు వాట్సాప్‌లో చెప్పారు, బిల్లు మీద రాశారు. మీరిచ్చిన ఫోన్ 8 జీబీ, 128 జీబీ. ఇది నేను కొన్న ఫోన్ కాదు కాబట్టి దీన్ని నేను అంగీకరించడం లేదు. బిల్లులో రాసిన ఫోన్ నా ముందు సీల్ తీసి ఇవ్వండి. లేదా ఈ ఫోన్ తీసుకుని, నేను కట్టిన డబ్బు తిరిగిచ్చి, నా పేరు మీది లోన్ రద్దు చేయించండి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఇది జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను." కోపం మాటలు ఒక్కటీ వద్దు. సంతకం పెట్టి, కాపీ ఉంచుకుని, స్పీడ్ పోస్టులో అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. అదే ఉత్తరం ఫొటో షాపతని వాట్సాప్‌కు కూడా పెట్టండి. ఆ చాట్‌ను తమ్ముడు తుడిచేయకూడదు. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఆపేయమనండి, ఆ చాట్ ఉన్న పాత ఫోన్‌ను అమ్మనివ్వకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉండి అసలు చాట్ లేకపోతే అవతలివాళ్లు అది కల్పితం అనవచ్చు. కమిషన్‌లో వేసేటప్పుడు ఎలక్ట్రానిక్ ఆధారానికి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జతచేయాల్సి రావచ్చు, అది అప్పుడు చూసుకోవచ్చు.

సర్వీస్ సెంటర్‌కు మళ్లీ ఒక్కసారి వెళ్లండి, ఈసారి రిపేరుకు కాదు. ఐఎంఈఐ నంబరుతో (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) సహా "ఈ ఫోన్ 8/128" అని జాబ్ షీట్ మీద రాసి ఇవ్వమనండి. మీరు నిరాశతో తిరిగొచ్చిన ఆ చోటే మీకు మంచి సాక్ష్యం ఇవ్వగలదు. ఇంకో కాగితం ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఉంటుంది. లోన్ మంజూరు చేయించేటప్పుడు షాపు వాళ్లకు ఏ ఫోన్ అని, ఎంత ధర అని పంపిందో మీ లోన్ కాగితాల్లో చూడండి, దొరక్కపోతే అడిగి తీసుకోండి. అక్కడా 12/256 అని ఉంటే షాపతను చేత్తో రాసేటప్పుడు పొరపాటు పడ్డానని కూడా అనలేడు.

ఫోన్‌లో *#06# కొడితే ఐఎంఈఐ నంబర్లు కనిపిస్తాయి. అవి పెట్టె మీద, బిల్లు మీద ఉన్న నంబర్లతో కలుస్తున్నాయో లేదో ఈ రోజే చూడండి. ఇంగ్లిష్‌లో కేవైఎం అనే మూడక్షరాలు, ఖాళీ వదిలి 15 అంకెల ఐఎంఈఐ టైపు చేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ నంబరు ఏ ఫోన్‌దో జవాబొస్తుంది. ప్రభుత్వం వారి సంచార్ సాథీ యాప్‌లో కూడా చూడవచ్చు. అన్నీ కలిస్తే మంచిదే. కలవకపోతే మాత్రం విషయం వేరే. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడగల నేరం. అప్పుడు బావ మొహమాటం కూడా చూడకుండా పోలీసుల దగ్గరికి వెళ్లాలి. నంబర్లు కలిసి, తేడా ర్యామ్, స్టోరేజ్‌లోనే ఉంటే స్టేషన్ నాకు సరైన దారిగా కనిపించడం లేదు. మోసం కేసు నిలవాలంటే మొదటి నుంచీ ముంచాలన్న ఉద్దేశంతోనే చేశాడని చూపాలి. పొరపాటున రాశాను అని అతనంటే అక్కడే ఆగిపోతుంది.

ఈఎంఐ విషయంలో తమ్ముడి మాట వినకండి. కోపం న్యాయమైనదే, కానీ దెబ్బ తగిలేది షాపుకు కాదు, మీకు. ఫైనాన్స్ వాళ్లు డబ్బు షాపుకు ఇచ్చేసి ఉంటారు. మీరు కట్టకపోతే లేటు ఛార్జీలు పడతాయి, అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. రేపు కొత్త మిషన్ కోసమో, ఇంటి రిపేరు కోసమో బ్యాంకుకు వెళ్తే ఈ 2,000 అడ్డం వస్తుంది. కాబట్టి 5వ తేదీన కట్టండి. కట్టడమంటే ఒప్పుకున్నట్టు కాదు అని ఫైనాన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి: షాపు వేరే ఫోన్ ఇచ్చింది, వివాదం నడుస్తోంది, నా హక్కులు వదులుకోకుండానే కిస్తీ కడుతున్నాను అని. షాపుకు రాసిన ఉత్తరం కాపీ జతచేయండి. షాపు ఎప్పుడైనా డబ్బు వాపసుకు ఒప్పుకుంటే, చేతికొచ్చిన 6,000 చూసి సంతోషపడి ఫోన్ ఇచ్చేయకండి. లోన్ రద్దైనట్టు ఫైనాన్స్ కంపెనీ నుంచి కాగితం రావాలి, బ్యాంకులో ఆటో డెబిట్ ఆగాలి. అది కాకుండా ఫోన్ ఇచ్చేస్తే, చేతిలో ఫోన్ లేకుండా తొమ్మిది నెలలు మీరు కిస్తీలు కడుతూ ఉండాలి. ఫోన్ మార్చి ఇచ్చినా అంతే, కొత్త ఐఎంఈఐ కొత్త బిల్లులోనూ లోన్ కాగితాల్లోనూ ఎక్కాలి.

రీల్ సంగతి. జరిగింది జరిగినట్టు చెప్పుకునే హక్కు మీకుంది. కానీ తమ్ముడి వయసులో కెమెరా ముందు నిలబడితే "దొంగ షాపు" లాంటి మాటలు వచ్చేస్తాయి. పరువు నష్టం కేసు అని అవతలివాళ్లు తిరగబడితే, న్యాయం అడగాల్సిన మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా రీల్ పెట్టాక బావ ఇంక మధ్యలో నిలబడలేరు. ఆ 15 రోజులు ఆగమని తమ్ముడికి చెప్పండి.

గడువులోపు షాపు కదలకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదు నమోదు చేసి నంబరు ఇస్తారు, షాపుతో మాట్లాడే ప్రయత్నం చేస్తారు. ఆదేశం ఇచ్చే అధికారం వాళ్లకు లేదు కాబట్టి, చిన్న షాపు పట్టించుకోకపోతే అక్కడితో ఆగిపోతుంది. ఖర్చు లేదు కనుక చేసి చూడటంలో నష్టం లేదు.

ఆ తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మీకున్న భయాల్లో సగం దీని గురించేనని ఉత్తరంలో కనిపించింది. "కోర్టుల చుట్టూ తిరగలేను" అని రెండుసార్లు రాశారు. వరంగల్‌లో కమిషన్ ఉంది. షాపు ఎక్కడున్నా, కొన్న మనిషి ఉండే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు వేసే వీలును 2019 చట్టం ఇచ్చింది. ఎక్కడో ఢిల్లీ అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. వినియోగదారుల కమిషన్ల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కాగితాలు సర్దడం కష్టమనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, ఫోన్ నంబరు 15100. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపుతుంది, మీలాంటి కేసులు చాలావరకు అక్కడే తేలిపోవాలి. కమిషన్ ఫోన్ మార్చమని, డబ్బు వాపసు ఇవ్వమని, పరిహారం కట్టమని ఆదేశించగలదు. ఆదేశం పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కష్టం కూడా చెప్పాలి. పరీక్షలు అక్కర్లేని కేసు మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది, కానీ ఎక్కువ పట్టవచ్చని మనసులో పెట్టుకునే వెళ్లండి. కొన్ని వాయిదాలకు మిషన్ పని మానుకోవాల్సి రావచ్చు. వీడియో ద్వారా హాజరయ్యే వీలు చట్టంలో ఉంది, అడగండి.

ఫిర్యాదులో ఒక చోట మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు. తమ్ముడు వీడియోలకు డబ్బు తీసుకుంటాడు కాబట్టి "వాళ్లు వ్యాపారానికి కొన్నారు" అని షాపు తరఫున వాదన రావచ్చు. దానికి భయపడి వీడియోల సంగతి దాచకండి. సొంతంగా పని చేసుకుని బతకడానికి మాత్రమే కొన్న వస్తువును వ్యాపారం కింద లెక్కించకూడదని అదే చట్టంలో వివరణ ఉంది. తమ్ముడి దగ్గర పనివాళ్లు లేరు, స్టూడియో లేదు, ఒక్క ఫోన్‌తో బతుకుతున్నాడు. ఆ నిజాన్నే మొదటి పేజీలో రాయండి. మీరు కొన్నారు, మీ ఒప్పుదలతో అతను వాడుతున్నాడు. కాబట్టి చట్టం ప్రకారం అతనూ వినియోగదారుడే.

ఇక బావ. ఉత్తరంలో ఫోన్ గురించి రెండు పేజీలుంటే బావ గురించి రెండు పేజీలున్నాయి. నాన్న లేని ఇంట్లో ఆ మనిషి ఎంతో మీరు చెప్పకనే చెప్పారు. అందుకే అడుగుతున్నాను: బావ ఆ బిల్లు చూశారా? "ఫోన్ మంచిగనే నడుస్తుంది గదా" అన్నారంటే, దోస్త్ చెప్పిన కథే ఆయన విన్నారేమో అని నాకు అనుమానం. పోరగాడు మెమరీ నింపుకుని లొల్లి పెడుతున్నాడు అని చెబితే ఎవరైనా అలాగే అంటారు. ఉత్తరం పోస్టు చేయడానికి ముందు అక్క దగ్గరికి వెళ్లండి. బావను కూర్చోబెట్టి బిల్లు మీది 12/256, వాట్సాప్ మెసేజ్, సెట్టింగ్స్‌లోని 8/128 పక్కపక్కన చూపించండి. "బావా, మీ మాట మీద నమ్మి ఆ షాపుకు పోయినం. మీ దోస్త్ మీ మాట నిలబెట్టలే. మీరే ఈ కాగితం ఆయన చేతికియ్యండి, మారుస్తడేమో చూద్దాం" అనండి. అప్పుడు ఇజ్జత్ తీసింది ఎవరో ఆయనకు మీరు చెప్పాల్సిన పని ఉండదు.

ఆయన ఒప్పుకుంటే పని రెండు రోజుల్లో అయిపోవచ్చు. దోస్త్‌తో ముఖాముఖి అడగడానికి ఆయనకున్న చనువు ఏ కమిషన్‌కూ లేదు. ఒప్పుకోకపోతే, కొన్నాళ్లు మాటలు తగ్గుతాయి, మధ్యలో అక్క నలుగుతుంది. ఆ బరువు మోయలేనని మీకనిపిస్తే ఆగిపోవడం కూడా ఒక దారే, దాన్ని నేను తప్పు అనను. కానీ ఆగేటట్టయితే 2,000 దగ్గర ఆగకండి, 4,500 అడగండి. ఏ కాగితం మీదా "ఇక నాకు ఏ బాకీ లేదు" అని సంతకం డబ్బు చేతికి రాకముందు పెట్టకండి, పెట్టాక మళ్లీ తెరవడం చాలా కష్టం. ఇంకొకటి కూడా ఆలోచించుకోండి. ఊరుకుంటే ప్రతి నెలా 5వ తేదీన ఆ 2,000 కడుతూ బావ మీద మనసులో ఎంత పెరుగుతుందో, ఇప్పుడే మెల్లగా చెప్పేస్తే ఎంత తగ్గుతుందో.

ఫోన్ ఎవరి చేతికిచ్చినా, షాపుకైనా సర్వీస్ సెంటర్‌కైనా, రసీదు లేకుండా ఇవ్వకండి. ఇచ్చేముందు సెట్టింగ్స్‌లో 8/128, ఐఎంఈఐ నంబర్లు ఒకే వీడియోలో కనిపించేలా తీయించండి. ఆ పెళ్లి వీడియోలు పాత ఫోన్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించుకుని, అప్పుడే ఫోన్ ఖాళీ చేయమని తమ్ముడికి చెప్పండి. 15 రోజులు గడిచాక ఏమైందో నాకు రాయండి. షాపు జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా, కమిషన్‌కు వేసే ఫిర్యాదు ఇద్దరం కలిసి ఒకసారి చూద్దాం.